ఓడ ఎక్కాక ఓడక తప్పుతుందా!

మనిషికి అసలైన మర్యాద ఎక్కడ దొరుకుతుందో నాకీ మధ్యే తెలిసింది. అత్తవారింట్లో కాదు, పెళ్ళివారి విడిదిలో అంతకన్నా కాదు. పనాజీలో, మాండవీ నది మీద లంగరేసిన ఓ క్యాసినో ఓడలో. అక్కడ మా బావమరిది నానా యాగీ చేశాడు. వాళ్ళు ‘సర్’ అన్నారు. ఇంకాస్త యాగీ చేశాడు. ‘సర్, ప్లీజ్’ అన్నారు.

జరిగిందిదీ. రూలెట్ చక్రంలో బంతి గిర్రున తిరుగుతోంది. డీలరమ్మాయి బల్ల మీదుగా చెయ్యి ఆడించి ‘నో మోర్ బెట్స్’ అంది. ఇక చేతులు వెనక్కి తీసుకోండి నాయనా అని దానర్థం. బంతి పోయి పదిహేడో నంబరు గడిలో పడింది. పడ్డాక, మావాడి చెయ్యి తనకేమీ తెలియనట్టు వెళ్ళి పదిహేడు మీద ఓ చిప్పు పెట్టి వచ్చింది. ఆ అమ్మాయి చిప్పును మెల్లగా వెనక్కి జరిపింది. ‘ముందే పెట్టాను!’ అన్నాడు మావాడు, స్టేజీ మీద పాడుతున్న గాయనికి శ్రుతి తప్పేంత గట్టిగా.

ఆ అమ్మాయి వాదించలేదు. వాదన ఆ ఉద్యోగంలో లేదు. ‘ఫ్లోర్’ అని ఒక్క కేక వేసింది. కోటు తొడుక్కున్న సూపర్‌వైజర్ వచ్చాడు. ముందు మావాడి పేరడిగాడు, తర్వాత గొడవేమిటని అడిగాడు. ఆ పైన తలెత్తి పైకప్పు కేసి చూశాడు. దేవుణ్ణి తలుచుకుంటున్నాడేమో అనుకున్నాను. పైన కెమెరా ఉంది. కాసేపటికి ఫోనొచ్చింది. పైవాడు మావాడి పక్షాన లేడు.

‘బెట్ లేటయింది సర్. మీరింకా భోంచేసినట్టు లేరు?’ అన్నాడు సూపర్‌వైజర్.

ఆ రెండో వాక్యంలో ఉంది విద్యంతా. కోపంగా ఉన్నవాణ్ణి బల్ల దగ్గర్నుంచి లేపడానికి మెడ పట్టుకోనక్కర్లేదు, కడుపు పట్టుకుంటే చాలు.

బిర్యానీకి లొంగనివాళ్ళ కోసం ఇంకా మెట్లున్నాయి. సూపర్‌వైజర్ వల్ల కాకపోతే పిట్ మేనేజర్, ఆయన వల్లా కాకపోతే నల్లచొక్కా, కండలు, చెవిలో వైరు. మన ఆఫీసుల్లో కుర్చీ పెరిగినకొద్దీ గొంతు పెరుగుతుంది. అక్కడ మెట్టుమెట్టుకీ తగ్గుతుంది. నల్లచొక్కా ఆసామి దాదాపు గుసగుసలాడతాడు. పైగా ఓడ కదా, గెంటాలన్నా ఒడ్డుకి పడవ రావాలి. అందాకా గెంటించుకోబోయేవాడికి కుర్చీ వేస్తారు.

ఇంతలో డీలరమ్మాయి డ్యూటీ మారింది. వెళ్ళేముందు రెండు చేతులూ తట్టి, అరచేతులు తిప్పి చూపించింది. చేతిలో చిప్పులేమీ దాచుకోలేదని కెమెరాకి చెప్పుకునే పద్ధతది. మావాడు తన పోరాటానికి చప్పట్లనుకుని, తనూ తిరిగి కొట్టాడు.

ఇంత ఓపిక ఎక్కణ్ణుంచి వచ్చిందంటారా? చక్రంలోంచి. ఒక్క సున్నా ఉన్న చక్రంలో మొత్తం 37 గళ్ళు. నంబరు తగిలితే రూపాయికి ఇచ్చేది 35. ఆ తేడా వల్ల కాసిన ప్రతి వందలోనూ సగటున 2 రూపాయల 70 పైసలు ఓడవాళ్ళకి మిగులుతాయి. రెండు సున్నాల అమెరికా చక్రమైతే 5 రూపాయల 26 పైసలు. మావాడు నవ్వుతూ ఆడినా తిడుతూ ఆడినా లెక్క మారదు. కనక తిట్టనిస్తారు, లేచిపోకుండా చూసుకుంటారు.

గోవా ప్రభుత్వానికీ ఈ లెక్క తెలిసే ఉండాలి. 2020 ఫిబ్రవరి నుంచి సొంత రాష్ట్రం వాళ్ళని జూదానికి ఓడ గడప తొక్కనివ్వడం లేదు. మన పిల్లలు చెడిపోకూడదు, హైదరాబాద్ నుంచి పొరుగువాళ్ళొస్తే మాత్రం పీట వెయ్యాలి. అతిథి దేవుడంటే ఇదే కాబోలు.

మరి క్యాసినోవాళ్ళు నిజంగా భయపడే అల్లరివాడెవడు? అల్లరి చెయ్యనివాడు. కెన్ ఉస్టన్ అని అమెరికాలో ఒకాయన, పసిఫిక్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో పెద్ద ఉద్యోగం వెలగబెట్టినవాడు. అట్లాంటిక్ సిటీలో బ్లాక్‌జాక్ బల్ల దగ్గర కూర్చుని, ఏ ముక్కలు పడ్డాయో, ఏవి మిగిలాయో మనసులో లెక్కేసుకునేవాడు. అరవలేదు, చిప్పులు జరపలేదు. బయటికి పంపేశారు. ఆయన కోర్టుకెక్కితే, లెక్కపెట్టినంత మాత్రాన తమంతట తాముగా గెంటే హక్కు క్యాసినోవాళ్ళకి లేదని 1982లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు తేల్చింది. సరే, మనిషిని కదపలేకపోతే పేకని కదపొచ్చు కదా! పేకదస్తాలు పెంచారు, సగంలోనే కలిపేయడం మొదలెట్టారు.

నెవాడాలో ఆ మాత్రం మొహమాటం కూడా లేదు. లెక్కపెట్టేవాణ్ణి ‘ఇక చాలు సర్’ అని నేటికీ సాగనంపొచ్చు. కంటికి కనబడేలా మత్తెక్కినవాణ్ణి ఆడనివ్వకూడదన్న నియమం కూడా అక్కడే ఉంది. ఉచితంగా పోసేదీ వాళ్ళే, ఎంత ఎక్కిందో చూసేదీ వాళ్ళే. తూలితే తప్పు, తూలకుండా లెక్కపెట్టినా తప్పు. ఓడడానికి సరిపడా తెలివిలో ఉండాలి, అంతే.

ఆ కొలతకి అచ్చంగా సరిపోయినవాడు మన ధర్మరాజు. రాజ్యం పోయినా గొంతు లేవలేదు. యాగీ చేసింది భీముడు, అన్నగారి చేతులు కాల్చేస్తా, నిప్పు తెమ్మని సహదేవుడి మీద కేకలేశాడు. ఫ్లోర్ సూపర్‌వైజర్ పని అర్జునుడు చేశాడు, సర్దిచెప్పి కూర్చోబెట్టాడు. అసలు ఇబ్బంది ద్రౌపదితో వచ్చింది. ఆవిడ అరవలేదు, ఆట నియమం అడిగింది. సభలో కెమెరా లేదు కనక భీష్ముడంతటివాడు నీళ్ళు నమిలాడు. చివరికి ధృతరాష్ట్రుడు ఓడిందంతా తిరిగిచ్చి పంపాడు. పంపి, పాండవులు ఇల్లు చేరకుండానే, ఇంకో ఆటకి రమ్మని కబురు పెట్టాడు.

మేం ఇల్లు చేరాం. గుమ్మంలోనే మా బావమరిది భార్య నిలబడి ఉంది. నెమ్మదిగానే అడిగింది: ‘అన్నయ్యగారూ, ఈయన ముందు జీతం ఓడారా, చీటీ డబ్బులు ఓడారా?’

నేను గొంతు సవరించుకుని, మంచినీళ్ళడిగాను.

అంతలో మావాడి ఫోన్ టింగుమంది. ఓడ వాళ్ళ మెసేజి. వచ్చే వారం వస్తే ఒక రాత్రి గది ఉచితం, భోజనం ఉచితం. చదువుతుంటే వాడి కళ్ళు చెమర్చాయి.

‘చూశావా బావా, అంత గొడవ చేసినా ఎంత మర్యాదో!’