అరికాలికి థర్మామీటరు

ఏటా మార్చి 4న మన ఫ్యాక్టరీలకు భద్రత మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొస్తుంది. జాతీయ భద్రతా దినం కదా! గేటు దగ్గర జెండా, చొక్కాలకు బ్యాడ్జీలు, మైకులో ప్రతిజ్ఞ, వ్యాసరచన పోటీలో గెలిచినవాళ్లకు స్టీలు గిన్నెలు. గిన్నే స్టీలే, వెనకాల నిలబడ్డ ట్యాంకూ స్టీలే. గిన్నెనైతే ఇంట్లో రోజూ తోముతారు.

ట్యాంకును ఎలా చూసుకోవాలో మనవాళ్లకు తెలియక కాదు. తుప్పు పంటి పుచ్చులాంటిది, పైకి కనబడదు. అడుగు రేకు కింద చెమ్మ చేరుతుంది, ఇన్సులేషన్ కింద వాననీరు ఇంకుతుంది, రేకు నిదానంగా పలచబడుతుంది. అందుకే నెలనెలా చుట్టూ తిరిగి చూడాలి, అప్పుడప్పుడూ రేకు మందం కొలవాలి, కొన్నేళ్లకోసారి ఖాళీ చేసి మనిషి లోపలికి దిగి అడుగు పరీక్షించాలి. ఇదంతా దండగని కనిపెట్టిన మహానుభావుల చేతికి పెయింటు డబ్బా దొరికింది. రేపు తనిఖీ అంటే ఇవాళ సిల్వర్ పెయింటు. పుచ్చు వంకాయకు నూనె రాసినట్టు ట్యాంకు నిగనిగలాడిపోతుంది.

ఇక రిజిస్టరు. ఓ ప్లాంటులో నైట్ షిఫ్టు రిజిస్టరు ఒకసారి నా చేతికొచ్చింది. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా గంటగంటకూ ప్రెషర్ రీడింగు. ఒకే పెన్ను, ఒకే వాలు, ఒకే అంకె. నేను చూసేసరికి టైము నాలుగున్నర. ఆరు గంటల రీడింగు అప్పటికే రాసి ఉంది! టార్చి పట్టుకుని గేజీ దగ్గరికి వెళ్లాను. అద్దం మసకబారింది, లోపల ముల్లు అదే అంకె దగ్గర బిగుసుకుపోయింది. వేలితో తట్టాను. కదల్లేదు. ఇంకేం, జోస్యం ఎప్పటికీ తప్పదు.

ఈ విద్యకు పరాకాష్ఠ మన విశాఖలోనే చూశాం. ఆర్.ఆర్. వెంకటాపురం, ఎల్జీ పాలిమర్స్, 2020 మే 7. లాక్‌డౌన్‌లో ప్లాంటుకు సెలవిచ్చారు గానీ ఎం6 ట్యాంకులోని స్టైరీన్‌కు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. దాని గుణం అది: వెచ్చబడితే తనలో తానే ముడిపడుతుంది, ముడిపడే కొద్దీ ఇంకా వేడెక్కుతుంది. చల్లగా ఉంచాలి, టీబీసీ అనే విరుగుడు కలుపుతుండాలి, ట్యాంకంతా కలియతిప్పాలి. మరి ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీకి ఏం కనబడింది? రిఫ్రిజిరేషన్ సాయంత్రానికే కట్టేసేవారు. టీబీసీ చాలినంత లేదు. ఉష్ణోగ్రత కొలిచే సాధనం ట్యాంకు అడుగున మాత్రమే ఉంది. పైపొర కుతకుతలాడుతుంటే అడుగున లెక్క చల్లగానే కనబడింది. జ్వరమొచ్చినవాడి అరికాలికి థర్మామీటరు పెట్టి నార్మల్ అని రాసుకోవడం వైద్యంలో ఇంకా రాలేదు, ఇంజనీరింగులో వచ్చేసింది.

సైరన్ కూడా ఉంది. మోగలేదంతే. తెల్లవారుజామున ట్యాంకులోంచి ఎగదన్నిన ఆవిరి ఊరి మీద పడితే, నిద్రలోంచి లేచి పరుగెత్తినవాళ్లు రోడ్డు మీదే కుప్పకూలారు. పాకల్లో పశువులు కట్టుకొయ్య దగ్గరే పడిపోయాయి. పన్నెండుమంది పోయారు.

భోపాల్ గ్యాస్ దుర్ఘటన నుంచి మనం ఏమీ నేర్చుకోలేదని కొందరు నిందిస్తుంటారు. అన్యాయం. 1984 డిసెంబరు నాటికి అక్కడ విషం ట్యాంకును చల్లబరిచే యంత్రాన్ని నెలల తరబడి ఆపేసి ఉంచారు. ఇక్కడ రాత్రిపూట మాత్రమే ఆపారు. ముప్పైఅయిదేళ్లలో ఇంత ప్రగతి చాలదా?

ఆ తర్వాత ప్రభుత్వ ఆదేశంతో మిగిలిన స్టైరీన్‌ను ఓడలెక్కించి దక్షిణ కొరియాకు పంపేశారు. అదే మే నెలలో వలస కూలీలు మండుటెండలో కాలినడకన ఇళ్లకు పోతున్నారు. స్టైరీన్‌కు మాత్రం ఓడ దొరికింది. దారి పొడవునా, రాత్రిపూట కూడా, దాన్ని చల్లగానే ఉంచి ఉంటారు లెండి.