పాస్‌పోర్టు అడగని అడవి

మాస్టారికి మొన్న కాకినాడలో శాలువా కప్పారు. సర్కారు ఖర్చు మీద సింగపూర్ వెళ్లి, సుంగై బులో మడ అడవిని అధ్యయనం చేసి వచ్చినందుకు. కాకినాడకి కూతవేటు దూరంలో కోరంగి ఉంది. 235 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం, 1978 నుంచీ అక్కడే ఉంది. చెక్క వంతెన మీద నడుస్తుంటే, బురదలోంచి పైకి పొడుచుకొచ్చి గాలి పీల్చే వేళ్లు కనిపిస్తాయి. కాకపోతే అక్కడ పాస్‌పోర్టు అడగరు. అధ్యయనానికి పనికిరాకపోవడానికి అంతకన్నా పెద్ద లోపం ఏం కావాలి?

సుంగై బులో 1993లో పార్కుగా తెరిచిననాడు 87 హెక్టార్లు. కోరంగిలో ఓ మూలకి సరిపోదు. అయితేనేం, మాస్టారు స్లైడ్లు గుప్పించారు. ముందు విమానాశ్రయం, తర్వాత నీటి ఉడుముతో మాస్టారు, బోర్డు పక్కన మాస్టారు, మాస్టారి పక్కన బోర్డు. ‘గాలి పీల్చే వేళ్లు: సింగపూర్ అద్భుతం’ అన్న స్లైడుకి హాలు మారుమోగింది. కోరంగి పక్క పల్లెటూరి అటెండరొక్కడే చప్పట్లు కొట్టలేదు. చేతిలో టీ ట్రే ఉంది కాబోలు.

అసలు కథ ఒకటి ఏ స్లైడులోనూ రాలేదు. సుంగై బులో ఒకప్పుడు రొయ్యల చెరువులు. అక్కడ వలస పిట్టలు దిగుతున్నాయని 1986లో పక్షి ప్రేమికులు గుర్తించి, ఆ నేలని వదిలేయమని ప్రభుత్వాన్ని అడిగారు. ప్రభుత్వం విన్నది! రొయ్యల కోసం కట్టిన తూములతోనే ఇప్పుడు పోటు నీటిని అదుపు చేసి, పిట్టలు మేయడానికి బురద తేలేలా చూస్తున్నారు. అంటే చెరువుని అడవి చేయొచ్చన్నమాట. మనకి తెలిసిన విద్య దీనికి సరిగ్గా తలకిందులు. గోదావరి డెల్టాలో మడని నరికి చెరువులు తవ్వాం. ఇళ్ల స్థలాల కోసం కాకినాడలో మడ చెట్లు కొట్టిన గొడవ గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. ఇదంతా మాస్టారికి తెలియక కాదు. సభాధ్యక్షుల వారికి నూరెకరాల రొయ్యల చెరువులున్నాయి, శాలువా కూడా వారిదే.

చివరి స్లైడు: ‘పిల్లల్ని గది దాటించండి’. ప్రొజెక్టరు బొమ్మ సరిగా కనబడాలని కిటికీలు మూసి, తలుపు గడియ పెట్టి మరీ చెప్పారీ మాట.

మర్నాడు ఏడో తరగతి పిల్ల లేచి, “కోరంగి ఎప్పుడు తీసుకెళ్తారండీ?” అంది. హెడ్మాస్టరు అనుమతి, తల్లిదండ్రుల సంతకం, బస్సు ఫిట్‌నెస్, ఆపైన పరీక్షలూ ఉన్నాయని మాస్టారు వివరించారు. పుస్తకాల సంచి లేని పది రోజులుండాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది కదా అంటారా? ఉన్నాయండీ. సంచి ఇంటి దగ్గర పెట్టి వచ్చారు, రివిజన్ చేశారు.

వచ్చే ఏడు వలస పక్షుల మీద అధ్యయనమట. దానికీ మాస్టారి పేరే వెళ్లింది. కోరంగికి కాదు లెండి, సైబీరియాకి. కోరంగికొచ్చే పిట్టలు ఎక్కడ బయల్దేరుతున్నాయో ఎవరో ఒకరు వెళ్లి చూడాలిగా!