పన్నుల వేళ పట్నం

పల్లెకూ పట్నానికీ ఎంత దూరమో తేల్చడానికి ఢిల్లీలో కమిటీలు వేస్తుంటారు. అంత ఖర్చెందుకు సామీ? కర్నూలులో ఆటో ఎక్కి కల్లూరులో దిగితే తెలిసిపోతుంది. ఇక్కడ రెండూ ఒకే మండలంలో కాపురముంటున్నాయి, మాటల్లేకుండా.

కల్లూరు కర్నూలు నగరపాలక సంస్థలో కలిసింది. అదే మండలంలోని తడకనపల్లె, ఉలిందకొండ పంచాయతీలుగానే ఉన్నాయి. రెండు చోట్లా కూలోళ్లు ఉన్నారు. వానలు ఎగ్గొడితే ఇద్దరికీ పని దొరకదు. కానీ పల్లె కూలికి ఉపాధి హామీ పని అడిగే హక్కుంది, వార్డు కూలికి లేదు. పట్నంలో ఉన్నోడికి ఆకలి కాదని 2005లో ఉపాధి హామీ చట్టం చేసినప్పుడే పార్లమెంటు కనిపెట్టింది మరి! వార్డు మనిషికి బదులుగా దక్కేది కార్పొరేషన్ ముద్రున్న ఇంటిపన్ను నోటీసు. అది మాత్రం ఏ కరువులోనూ ఎండిపోదు.

సరే, కాలువ పొంగిందని మొరపెట్టుకుందామంటే ముందు భూగోళశాస్త్రం చదవాలి. ఇల్లేమో కర్నూలు కార్పొరేషన్‌లో. ఎమ్మెల్యే పాణ్యం నియోజకవర్గానికి. ఎంపీ నంద్యాలకు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు చీల్చినప్పుడు ఆ పాణ్యం మండలం కాస్తా నంద్యాల జిల్లాకు పోయింది, కల్లూరు కర్నూలు జిల్లాలోనే మిగిలింది. మురుగునీళ్లకు ఈ సరిహద్దులేవీ తెలియవు గనక నేరుగా ఇంట్లోకే వస్తాయి.

అభివృద్ధి లేదంటే కళ్లు పోతాయి. పక్కనే ఓర్వకల్లులో 2021లో విమానాశ్రయం తెరిచారు. ఇదే జిల్లాలో కోసిగి, మంత్రాలయం వైపు జనం మిరపకాయల కోతకు గుంటూరు దిక్కు సుగ్గికి, అంటే వలస కూలికి, పోతారు. ఇంటికి తాళం, చంకలో చంటిది, బడి మానిన పెద్దది వెంట. వీళ్లింకా విమానం అలవాటు చేసుకోలేదు, లారీలూ బొలేరోలే ఎక్కుతున్నారు. గని, శకునాల పల్లెల భూముల్లో 1000 మెగావాట్ల సోలార్ పార్కు వెలిసింది. ఎండ పల్లెది, కరెంటు గ్రిడ్డుది. మనకు ఎండైనా మిగిలింది, సంతోషం.

బిరుదులకైతే కర్నూలుకు ఎన్నడూ లోటు లేదు. 1953 నుంచి మూడేళ్లు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. ఆమధ్య న్యాయ రాజధాని అన్నారు, 2021 నవంబరులో ఆ మూడు రాజధానుల చట్టాన్నే వెనక్కి తీసుకున్నారు.

ఒక్క మంచిమాట ఒప్పుకోవాలి. కల్లూరు మండలం చిన్నటేకూరులోని అంబేద్కర్ గురుకులంలో చదివి దళిత, గిరిజన పిల్లలు ఐఐటీలకు వెళ్లారు. అంటే పల్లెల్లో బుర్రలకు కరువు లేదని రుజువైంది. రుజువైపోయాక మళ్లీ మండలానికొకటి పెట్టడం దేనికని పెద్దలు ఊరుకున్నట్టున్నారు. కూలోళ్ల పిల్లలందరూ లెక్కలు నేర్చుకుంటే ఎవరికి ఇబ్బందో మీకు తెలుసు.

అయ్యా అధికారులూ, మేం పట్నం కావాలనీ అనట్లేదు, వద్దనీ అనట్లేదు. ఏదో ఒకటి తేల్చండి. పట్నమైతే వార్డు కూలికీ పని హామీ ఇవ్వండి, కాలువకు ఒక్క యజమానిని చూపించండి. పల్లె అయితే పంచాయతీ పన్ను వెయ్యండి. అది తేలేదాకా ఇంటిపన్నులో సగమే అడగండి. సగం పట్నానికి సగం పన్ను, న్యాయమే కదా?