ఒక దూరప్రయాణ విమానం ఆత్మకథ

సియాటిల్ సమీపంలోని ఎవరెట్ కర్మాగారంలో తయారైన బోయింగ్ 777-200ఎల్ఆర్ విమానం ఒకటి తన కథ తానే చెప్పుకోదలిస్తే, తొలుత చెప్పవలసింది 2005 నవంబరు 9 రాత్రి హాంకాంగ్ నుంచి లండన్‌కు సాగించిన ప్రయాణం గురించే. భూగోళం మీద రెండు చోట్లను కలిపే అతి తక్కువ దూరపు దారిని మహావృత్త మార్గం అంటారు. ఆ లెక్కన ఈ రెండు నగరాల మధ్య దూరం సుమారు 9,600 కిలోమీటర్లే కాగా, చైనా, రష్యాల మీదుగా పడమటికి వెళ్లే విమానాలు ఆనాడు పన్నెండు, పదమూడు గంటలలో గమ్యం చేరేవి. తాను మాత్రం కావాలనే తూర్పుకు తిరిగి, పసిఫిక్ మహాసముద్రాన్ని, ఉత్తర అమెరికాను, అట్లాంటిక్‌ను దాటుకుంటూ, ఒకే ప్రయాణంలో రెండు సూర్యోదయాలు చూసి, ఎక్కడా దిగకుండా 21,602 కిలోమీటర్లు ఎగిరి, 22 గంటల 42 నిమిషాలకు హీత్రోలో వాలింది.

దూరం రెట్టింపును మించినా కాలం రెట్టింపు కాకపోవడం ఈ ప్రయాణంలో అన్నిటికన్నా గమనించదగిన విషయం. దానికి కారణం జెట్ స్ట్రీమ్, అంటే నేలకు సుమారు పది కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు నదిలా ప్రవహించే బలమైన గాలి. శీతకాలంలో దాని వేగం తరచు గంటకు 200 కిలోమీటర్లు దాటుతుంది. ఆ గాలి వెనుక నుంచి తోడు రావడం వల్లనే తన సగటు వేగం గంటకు 950 కిలోమీటర్లకు చేరింది. అదే గాలికి ఎదురు వెళ్లవలసి వస్తే, ఇంజన్లు ఎంత శక్తిమంతమైనవైనా, గడియారం ముందు తలవంచక తప్పదు.

బరువు సంగతీ చెప్పుకోవాలి. అదనపు ట్యాంకులు బిగిస్తే ఈ రకం విమానంలో రెండు లక్షల లీటర్లకు పైగా ఇంధనం పడుతుంది. గరిష్ఠంగా 347 టన్నులతో నేల విడిచే విమానంలో దాదాపు సగం బరువు ఇంధనానిదే. బయలుదేరినప్పుడు అంత భారంతో పలుచని గాలిలోకి ఎక్కలేదు గనుక, కొంత ఇంధనం ఖర్చై తేలిక పడిన కొద్దీ అంచెలంచెలుగా పైకి లేస్తుంది; ఎత్తు పెరిగిన కొద్దీ ఇంధనం ఆదా అవుతుంది.

ఈ రకం విమానాలకు తెలుగు నేలతోనూ అనుబంధం ఉంది. 2021 జనవరిలో హైదరాబాద్, షికాగోల మధ్య ఎయిర్ ఇండియా మొదలుపెట్టిన నేరు ప్రయాణానికి నడిపినది 777-200ఎల్ఆర్‌నే. రెండు వైపులా మహావృత్త దూరం ఒకటే, 13 వేల కిలోమీటర్ల పైచిలుకు. అయినా షికాగో వెళ్లడానికి పట్టే సమయం హైదరాబాద్ తిరిగి రావడానికి పట్టే సమయం కన్నా ఎక్కువగానే వేళల పట్టికలో ఉండేది.