ప్రార్థనాంశం అన్నయ్య

ప్రతి గృహ కూడికలోనూ ఒక ప్రార్థనాంశం అన్నయ్య ఉంటాడు. గుంటూరు వైపు కూడికల్లో అయితే కనీసం ఇద్దరుంటారు, పార్టీకొకరు చొప్పున.

ఆయన రాజకీయాలు మాట్లాడడు. "ఆ లోకసంబంధమైన గొడవలు మనకెందుకండీ" అంటాడు. ప్రార్థన చేయమంటే మాత్రం మోకరించి, కళ్లు మూసుకుని, దేవుడికి అసెంబ్లీ సమావేశం వినిపిస్తాడు. "ప్రభువా, గుంటలు పడ్డ మా పేట రోడ్డు నీకు తెలుసు. ఆ కాంట్రాక్టు ఎవరి బామ్మర్దికి వచ్చిందో కూడా నీకు తెలుసు తండ్రీ!" ప్రార్థనకు ఎవరూ అడ్డు తగలరన్నదే ఆయన ధైర్యం. అవతలి పార్టీ తమ్ముడు చేయగలిగిందల్లా ఆమేన్ అనాల్సిన చోట దగ్గడమే. తన వంతు రాగానే ఆ తమ్ముడు అంతకు ముందటి ప్రభుత్వపు బామ్మర్దిని దేవుడికి గుర్తుచేస్తాడు.

అన్నయ్య బైబిల్లో రిబ్బను ఉండేది రెండే చోట్ల. తన పార్టీ గెలిస్తే రోమా 13 దగ్గర: అధికారులకు లోబడాలి. ఓడితే అపొస్తలుల కార్యములు 5:29 దగ్గర: మనుషులకు కాదు, దేవుడికే లోబడాలి. ఓట్ల లెక్కింపు రోజు మధ్యాహ్నానికల్లా రిబ్బను చోటు మారిపోతుంది.

ఒక్క విషయంలో ఇద్దరిదీ ఒకే మొర. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా లేదు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు గానీ క్రైస్తవులను చేర్చలేదు. మన దగ్గర వాళ్లకు వెనుకబడిన తరగతుల్లోని బీసీ-సీతో సరిపెట్టారు. ఈ మాట రాగానే ఇద్దరి కళ్లూ చెమరుస్తాయి. దీన్ని పట్టించుకోనిది ఎవరి పార్టీ అన్న దగ్గర మళ్లీ ఎర్రబడతాయి.

అప్పుడు రంగంలోకి దిగేది ఆ ఇంటి అక్క. ఆవిడ తీర్పు చెప్పదు, పని చెబుతుంది. "అన్నయ్యా, మీరు తమ్ముడి షుగర్ కోసం ప్రార్థన చేయండి. తమ్ముడూ, నువ్వు అన్నయ్యగారమ్మాయి సంబంధం కోసం చెయ్యి. బామ్మర్దుల ఊసు వద్దు." తర్వాత ఇద్దరినీ పక్కపక్కనే కూర్చోబెట్టి పులిహోర వడ్డిస్తుంది. "సుంకరి మత్తయి, జెలోతే సీమోను ఒకే బల్ల దగ్గర తిన్నారు. మీకేం వచ్చింది?"

కూడికలు నడిపేవారికి నాదొక మనవి. ఇద్దరన్నయ్యలనూ మార్చాలని చూడకండి, అది పాస్టరు అయ్యగారి వల్లే కాలేదు. ఆ గుంటల రోడ్డు గురించి మున్సిపాలిటీకి ఒక అర్జీ రాసి, ఇద్దరిచేతా సంతకం పెట్టించండి. గుంటలకు పార్టీ లేదు.