విండర్మియర్ సారు

నకిరేకల్‌లో ఇంగ్లండుకు పోయొచ్చిన తండ్రులు ఇప్పుడు బజారుకొకరున్నారు. కొడుకు మాంచెస్టర్‌లోనో లీడ్స్‌లోనో మాస్టర్స్ చదివి, అక్కడే ఉద్యోగంలో కుదురుకుని, పెళ్ళై పిల్లో పిలగాడో పుట్టగానే అమ్మానాన్నలకు ఆరు నెలల విజిటర్ వీసా తీయిస్తాడు. అమ్మకు చేతినిండా పని. బాలింత పథ్యం, పసిబిడ్డ స్నానం, మధ్యలో కొడుక్కిష్టమైన పచ్చళ్ళు. నాన్నకు ఏ పనీ ఉండదు. ఉత్తగ కూర్చోబెడితే కోడలికి వంటింట్లో సలహాలు చెబుతాడని, కొడుకు ప్రతి శనివారం కారులో ఎక్కించుకుని లేక్ డిస్ట్రిక్ట్ తీసుకుపోతాడు. ఆ చెరువులన్నీ చూసి శంషాబాద్‌లో దిగిన మనిషినే మా ఊళ్ళో విండర్మియర్ సారు అంటాం. ఎదుట అనం.

సారు అనడానికి కారణం ఉంది. ఈ రకంలో ఎక్కువమంది రిటైరైన పంతుళ్ళు. వ్యాపారస్తులు కూడా ఇంగ్లండు పోతారు గానీ, వాళ్ళు వచ్చిన తెల్లారే నిమ్మకాయల మార్కెట్లో బస్తా ధర అడుగుతూ కనిపిస్తారు. పింఛను, తీరిక, గొంతు మూడూ ఉన్నది సారుకే.

గుర్తుపట్టడం కష్టం కాదు. పొద్దున ఆరింటికి చెరువు కట్ట మీద వానకోటు తొడుక్కుని నడిచేది ఆయనే. ఆకాశంలో మబ్బు తునక ఉండదు, అయినా కోటు ఉంటుంది. మెడలో బైనాక్యులర్, చేతిలో మడతపెట్టే కర్ర. అది ఊతకర్ర అనుకుని ఎవరైనా మోకాళ్ళ నొప్పుల గురించి అడిగితే నొచ్చుకుంటాడు.

"ఏం సారూ, లండన్ నుంచి ఎప్పుడొచ్చిన్రు?"

"లండన్ కాదయ్యా, కంబ్రియా."

"అదే, లండన్ దిక్కే గదా."

సారు కళ్ళు మూసుకుని తెరుస్తాడు. ఆ తర్వాత వినక తప్పదు. విండర్మియర్ పదిహేడు కిలోమీటర్ల పొడవు, ఇంగ్లండులో అంతకు మించిన సరస్సు లేదు. వాస్ట్‌వాటర్ లోతు డెబ్భై తొమ్మిది మీటర్లు. 1951లోనే ఆ ప్రాంతమంతా నేషనల్ పార్కు చేశారు, 2017లో యునెస్కో వాళ్ళు ప్రపంచ వారసత్వం అన్నారు. సీత్‌వెయిట్ అనే పల్లెలో ఏడాదికి మూడువేల అయిదువందల మిల్లీమీటర్ల వాన. ఈ చివరి మాట దగ్గర చాయ్ హోటల్లో నిజంగానే నిశ్శబ్దం. మన నల్గొండ జిల్లాకు నాలుగైదేళ్ళలో పడే వాన ఒక్క పల్లెలో ఒక్క ఏడాదిలో పడుతుందంటే ఇక్కడ బోరు వేసి ఎండబెట్టుకున్నవాడు ఏమంటాడు? చాయ్ గ్లాసు కింద పెట్టి, "ఆళ్ళేం పుణ్యం చేసిన్రో" అంటాడు.

ఒకసారి బియాట్రిక్స్ పాటర్ కథ ఎత్తుకున్నాడు. పిల్లల కోసం కుందేళ్ళ బొమ్మల పుస్తకాలు రాసిన ఆమె, ఆ డబ్బుతో అక్కడి పొలాలు, కొండలు కొని, హెర్డ్‌విక్ గొర్లను పెంచి, 1943లో పోతూ పోతూ నాలుగు వేల ఎకరాలకు పైగా నేషనల్ ట్రస్టుకు రాసిపోయింది.

"నాలుగు వేల ఎకరాలా?"

"పైనే."

"గుంట గూడ కబ్జా గాలే?"

"కాలేదు."

"ఇది మాత్రం నమ్మం సారూ," అన్నారు అందరూ.

ఇక్కడి సారు ఇట్లా ఉంటాడు. అక్కడి సారు ఎట్లా ఉండేవాడో ఆయన చెప్పడు, ఇంటామె చెబుతుంది. ఆమె మాటల్ని బట్టి చూస్తే, నకిరేకల్లో ఇంత ఇంగ్లండుగా బతుకుతున్న మనిషి ఇంగ్లండులో ఆరు నెలలూ నిఖార్సయిన నకిరేకల్ వాడే.

మొదటిసారి బౌనెస్ రేవులో దిగి, పడవలు, తెల్లటి తెరచాపలు, ఎదురుగా పచ్చటి గుట్టలు, ఇంత నీళ్ళు చూసి ఆయన అడిగిన మొదటి మాట: "దీని కింద ఆయకట్టు ఎంతరా?"

"ఆయకట్టు లేదు నాన్నా."

"తూము ఎక్కడున్నది?"

"తూము గూడ లేదు."

"తూము లేని చెరువు ఎందుకురా?"

"చూడనీకి నాన్నా."

సారు చూశాడు. పార్కింగు టికెట్టు ఎంతైందో అడిగి, పౌండ్లను రూపాయల్లోకి, రూపాయలను యూరియా బస్తాల్లోకి మార్చి, మళ్ళీ చూశాడు. దక్షిణం కొసన లీవెన్ అనే ఏరు బయలుదేరి సముద్రంలో కలుస్తుందని కొడుకు చెప్పినప్పుడు గానీ మనసు కుదుటపడలేదు. "అట్ల చెప్పు, మత్తడి ఉన్నది." కట్ట మైసమ్మ గుడి లేకుండా ఇన్ని నీళ్ళు ఎట్లా ఆగుతున్నాయన్న అనుమానం మాత్రం చివరిదాకా తీరలేదు. ఇంటామె దానికీ ఉపాయం చూసింది. పర్సులోంచి మన రూపాయి బిళ్ళ తీసి నీళ్ళలో వేసి, గంగమ్మకు దండం పెట్టుకుని వచ్చింది.

హంసల ముచ్చట ఇంకొకటి. సారు ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు చెప్పినవాడు. నలుడికీ దమయంతికీ రాయబారం నడిపిన పక్షి, పాలనూ నీళ్ళనూ వేరుచేసే పక్షి అని తరగతి తరగతికీ చెప్పాడు గానీ ఎన్నడూ కళ్ళతో చూడలేదు. విండర్మియర్ ఒడ్డున బల్ల మీద పులిహోర డబ్బా మూత తీశాడో లేదో, హంస వచ్చింది. ఆయనకు కళ్ళు చెమర్చాయట. హంస మెడ సాచి భుస్సుమన్నది. సారు లేచాడు. హంస బల్ల దగ్గరే ఉన్నది. గుర్తు వేయని హంసల మీద హక్కు అక్కడ రాజుగారిదని కోడలు ముందే చెప్పి ఉండటంతో, చేతిలో గొడుగు ఉండీ వాడలేకపోయాడు. ఆ పూట పాలూ నీళ్ళ సంగతేమో గానీ, పల్లీలను మాత్రం అది పులిహోరలోంచి శుభ్రంగా వేరుచేసింది.

ఆయన మనసుకు నిజంగా అందినది థర్ల్‌మియర్. అక్కడ ఆనకట్ట ఉంది. మాంచెస్టర్ నగరం దాహం కోసం సరస్సు మట్టం పెంచి, 1894లో నీళ్ళు వదిలారు. తొంభై ఆరు మైళ్ళు, ఒక్క మోటారు లేకుండా, వాలు మీదనే పోతాయి. కట్టొద్దని 1870లలో అక్కడ పెద్ద గొడవ నడిచింది. నగరమే గెలిచింది. సారుకు ఇక ఎవరూ విడమరచి చెప్పాల్సిన పని లేకపోయింది. నాగార్జునసాగర్ వెనుక నీళ్ళను పుట్టంగండి దగ్గర ఎత్తి అక్కంపల్లిలో పోయడం, అక్కడినుంచి హైదరాబాదు తాగడం, ఫ్లోరైడు నీళ్ళతో నడుములు వంగిన జిల్లా పక్కన నిలబడి చూడటం ఆయన ఎరిగిన కథే. "ఈడ గూడ పల్లె నీళ్ళు పట్నం పాలేనారా," అని ఆనకట్ట మీద చెయ్యి వేసి అన్నాడట. కొడుకు ఏమీ అనలేదు. మాంచెస్టర్‌లో వాళ్ళింటి నల్లాలో వచ్చేది ఆ నీళ్ళే.

నకిరేకల్ తిరిగొచ్చాక ఈ మనిషి ఎక్కడికి పోయాడో తెలియదు. కట్ట మీద ఇప్పుడు కనిపించేది వేరే మనిషి. బెంచీలు కావాలంటాడు. నీళ్ళలో పడినవాడికి విసరడానికి ఎర్ర ట్యూబు వేలాడదీయాలంటాడు. పక్షులకు బ్రెడ్డు వేయరాదని బోర్డు పెట్టాలని మున్సిపాలిటీకి అర్జీ రాశాడు. మన కొంగలకు బ్రెడ్డు పెట్టినవాడిని నేనైతే చూడలేదు. వర్డ్స్‌వర్త్ 1844లో తన సరస్సుల దగ్గరికి రైలు రావద్దని పత్రికకు ఉత్తరాలు రాశాడని తెలిసిన దగ్గరినుంచి, కట్ట మీదికి ట్రాక్టర్లు రావద్దని ఈయన కూడా రాస్తున్నాడు. రైలు 1847లో వచ్చేసిందన్న సంగతి ఉత్తరాల్లో ఉండదు.

ఒకనాడు బర్రెలాయనను పట్టుకున్నాడు.

"అక్కడ కుక్కను తిప్పేటోడు వెనక సంచి పట్టుకుని నడుస్తడు, తెలుసా?"

"బర్రె వెనక ఏం పట్టుకోవాలె సారూ?"

"తట్ట."

"మా ఇంటామె ఎప్పటిసందో పడుతనే ఉన్నది గదా, పిడకలకు."

అన్నీ నవ్వులాట మాటలు కావు. గుర్రపుడెక్క మీద, శిఖం భూముల్లో లేస్తున్న గోడల మీద సారు అరిచే అరుపులు న్యాయమైనవే. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు పూడిక మట్టి కోసం ట్రాక్టర్లు వరసకట్టాయి, నియోజకవర్గానికొక మినీ ట్యాంక్‌బండ్ అన్నారు, ఫోటోలు దిగాము. తీసిన పూడిక మళ్ళీ చేరడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అయితే విండర్మియర్‌లోకి కూడా మురుగు వదులుతున్నారనీ, ఎండాకాలం నీళ్ళు పచ్చబడుతున్నాయనీ, అక్కడి జనం అట్టలు పట్టుకుని రోడ్డెక్కుతున్నారనీ సారుకు తెలుసు. కోడలి పుట్టింటి గుట్టులాగా దాచుకుంటాడు.

ఈ మధ్య ఆయనకు ఒక పోటీ వచ్చిపడింది. షికాగోలో బిడ్డ దగ్గర ఉండి వచ్చిన ఇంకో రిటైర్డు సారు, ఈయన లెక్కల సారు. హోటల్లో కూర్చుని తొణక్కుండా అంకెలు వేశాడు.

"మీ విండర్మియర్ చదరపు కిలోమీటర్లల్ల ఎంతుంటది?"

"పదిహేను దాకా."

"మా మిషిగన్ యాభై ఎనిమిది వేలు. ఇప్పటి నల్గొండ జిల్లాలు ఎనిమిది పడతయి."

హోటలంతా విండర్మియర్ సారు మొహం చూసింది. ఆయన చాయ్‌ను నెమ్మదిగా ఊదుకుని, రెండు గుక్కలు తాగి, గ్లాసు పెట్టాడు.

"దాని కింద ఆయకట్టు ఎంత?"

"ఆయకట్టా?"

"తూము ఎక్కడున్నది?"

"అది గాదు, షికాగో పట్నమంతా ఆ నీళ్ళే తాగుతది."

"తాగుడు సరే. నాట్లు పడతయా? మన మూసీ ప్రాజెక్టు జూడు. కేతేపల్లి దాటినంక కారు ఆపి జూడు. 645 అడుగుల మట్టం, నాలుగున్నర టీఎంసీలు, కుడికో కాల్వ, ఎడమకో కాల్వ. నిండినదంటే రెండు పంటలు. మీ మిషిగన్ నిండితే ఏమైతది?"

లెక్కల సారు చాయ్ సగంలో వదిలి ఇంటికి పోయాడు. షికాగోలో అప్పుడు రాత్రి. నిద్రపోబోతున్న బిడ్డకు ఫోను పోయింది, మిషిగన్‌కు తూము ఏ దిక్కున ఉన్నదో అర్జెంటుగా కనుక్కొమ్మని. అమెరికా వాళ్ళు సరస్సు నీళ్ళు బయటికి పోయేటట్టు 1900లో షికాగో నదినే వెనక్కి తిప్పారని అల్లుడు పక్కనుంచి అందుకున్నాడు. తెల్లారి హోటల్ షట్టరు లేవకముందే లెక్కల సారు బయట బల్ల మీద కూర్చుని ఉన్నాడు.