ఎవరండీ తమరు?

పేరున్న మనిషి ఎదురుగా నిలబడినా జనం పోల్చుకోకపోవడం అన్ని ఊళ్లలోనూ జరిగేదే. బెంగళూరులో మాత్రం దీనికి కాగితాల మీద నిలిచిన చరిత్ర ఉంది. 19వ శతాబ్దం చివర మొదలై నిన్నమొన్నటి దాకా సాగిన ఆ ఉదంతాలు స్థూలంగా నాలుగు రకాలు: పేరు రాకముందు పోల్చుకోకపోవడం, వేషం మారితే పోల్చుకోకపోవడం, చోటు మారితే పోల్చుకోకపోవడం, అసలు ముఖమే తెలియకపోవడం. నాలుగింటికీ మూలసూత్రం ఒకటే. ఎవరి పనిలో వాళ్లున్నప్పుడు కంటికి ఆ పనికి కావలసిందే ఆనుతుంది.

మొదటి రకంలో అందరికంటే సీనియర్ విన్‌స్టన్ చర్చిల్. 1896లో నాలుగో హుస్సార్స్ అశ్విక దళంలో కుర్ర లెఫ్టినెంటుగా బెంగళూరు కంటోన్మెంటుకు వచ్చాడు. పోలో ఆడాడు, గులాబీలు పెంచాడు, కట్టలకొద్దీ చరిత్ర గ్రంథాలు చదివాడు, ఇప్పటి బెంగళూరు క్లబ్బులో పద్దు పెట్టాడు. 1899 నాటి క్లబ్బు దస్తరంలో, ఇక వసూలు కావని తేల్చేసిన బాకీల జాబితాలో ఆయన పేరు, పేరు ఎదుట 13 రూపాయలు ఉన్నాయి. లెక్కలు రాసినవాడికి అందులో కాబోయే బ్రిటిష్ ప్రధాని గానీ, 1953 నాటి నోబెల్ సాహిత్య బహుమతి గ్రహీత గానీ కనిపించలేదు, బాకీదారు కనిపించాడు. అతన్ని తప్పుపట్టడానికి లేదు, ఆనాటికి ఉన్నది బాకీదారే. ఆ పుస్తకాన్ని క్లబ్బు ఇప్పటికీ భద్రంగా దాచుకుంది. డబ్బు కట్టిన సభ్యులెవరూ క్లబ్బుకు ఇంత పేరు తెచ్చిపెట్టలేదు.

ఇదే రకంలో రెండో ఉదాహరణ శివాజీరావు గైక్వాడ్. 1970ల మొదట్లో బెంగళూరు సిటీ బస్సు కండక్టరు. రోజూ వందలమంది ఆ ముఖం చూశారు. కండక్టరు ముఖంలో ప్రయాణికుడు వెతికేది చిల్లర ఇచ్చే లక్షణాలు ఉన్నాయా లేవా అన్నదొక్కటే కాబట్టి అంతకుమించి ఎవరికీ ఏమీ తోచలేదు. 1975లో బాలచందర్ సినిమా 'అపూర్వ రాగంగళ్'తో ఆయన రజనీకాంత్‌గా తెరమీదికి వచ్చారు. అంతవరకు జనానికి ఆయన టికెట్లు కొట్టారు. ఆ తర్వాత ఆయన్ని చూడటానికి జనం టికెట్లు కొనుక్కున్నారు. 2023 ఆగస్టులో జయనగర్ బస్ డిపోకి వెళ్లినప్పుడు సిబ్బంది చుట్టూ మూగి ఫొటోలు దిగారు. చిల్లర సంగతి ఎవరూ ఎత్తలేదు.

రెండో రకం వేషం మార్చుకునేవారిది. ఇందులోనూ రజనీకాంత్‌దే అగ్రస్థానం. చాలామంది నటులు బయటికి వెళ్లాలంటే మారువేషం వేసుకోవాలి. ఆయన విగ్గు తీసేస్తే చాలు, అసలు రూపమే మారువేషంగా పనికొస్తుంది. గుడి దగ్గర సాదాసీదా ముసలాయనలా ఉన్న ఆయన్ని చూసి ఒకావిడ జాలిపడి పది రూపాయలు చేతిలో పెట్టిందనీ, ఆయన కాదనకుండా తీసుకున్నారనీ అభిమానులు చెప్పుకునే కథ ఉంది. 2016లో గాయకుడు సోనూ నిగమ్ ముసలివాడి వేషంలో హార్మోనియం పట్టుకుని ముంబయి వీధిలో పాడితే ఒక కుర్రాడు 12 రూపాయలు ఇచ్చాడు. చర్చిల్ పద్దు 13. ఈ మూడింటినీ కలిపి చూస్తే, పేరు పక్కన పెట్టాక ప్రముఖుడి విలువ సుమారు నూటపాతికేళ్లుగా పదికీ పదమూడుకూ మధ్య నిలకడగా ఉందని అర్థమవుతుంది. రూపాయి విలువ కూడా ఇంత నిలకడగా లేదు.

మూడో రకం చోటు మారడం వల్ల వచ్చేది. మనోవిజ్ఞాన శాస్త్రవేత్త జార్జ్ మాండ్లర్ 1980లో దీనికొక ఉదాహరణ ఇచ్చాడు: రోజూ మాంసం కొట్టులో చూసే మనిషే బస్సులో ఎదురైతే, ఎక్కడో చూశామనిపిస్తుంది గానీ ఎవరో తట్టదు. కొట్టూ కత్తీ లేకపోతే ముఖం సగమే. వేదికా లైట్లూ లేని కళాకారుడి పరిస్థితీ ఇంతే. 2007లో వాషింగ్టన్ మెట్రో స్టేషనులో ప్రపంచప్రసిద్ధ వయొలిన్ విద్వాంసుడు జాషువా బెల్ 43 నిమిషాలు వాయిస్తే వెయ్యిమందికి పైగా అలా వెళ్లిపోయారు. ఆగి విన్నవారు ఏడుగురు. పెట్టెలో పడింది 32 డాలర్ల చిల్లర. అమెరికాలో అన్నిటికీ ధరలు ఎక్కువే.

బెంగళూరుకు ఈ అవకాశం 2025 ఫిబ్రవరి 9న, ఆదివారం, చర్చ్ స్ట్రీట్‌లో వచ్చింది. నైస్ గ్రౌండ్స్‌లో రెండు రోజుల కచేరీ కోసం వచ్చిన ఇంగ్లండ్ గాయకుడు ఎడ్ షీరన్ పొద్దున్నే గిటారుతో రోడ్డు పక్కన నిలబడ్డాడు. వాషింగ్టన్‌లా కాకుండా ఇక్కడి జనం ఇట్టే పోల్చుకుని గుమిగూడారు. 'షేప్ ఆఫ్ యూ' నడుస్తుండగా ఒక పోలీసు వచ్చి మైకు వైరు పీకేశాడు. అనుమతి ఉందని గాయకుడు, చర్చ్ స్ట్రీట్ రద్దీ దృష్ట్యా ఇవ్వలేదని పోలీసులు తర్వాత చెప్పారు. ఆ పోలీసు దృష్టిలో ఉన్నవి ఒక గుంపు, ఒక స్పీకరు, ఒక వైరు. మూడింటిలో చేతికి అందేది వైరే. ఆ సాయంత్రం షీరన్ వేదిక మీద గాయని శిల్పారావుతో కలిసి 'దేవర' సినిమాలోని 'చుట్టమల్లే' పాట తెలుగులో పాడాడు. పొద్దున ఇంగ్లీషులో పాడితే వైరు పోయింది. సాయంత్రం తెలుగులో పాడితే ఈలలు పడ్డాయి. భాష ఎంపికలో ఎంత జాగ్రత్త అవసరమో దీన్నిబట్టి తెలుస్తుంది.

దీనికి అయిదు రోజుల ముందు, అదే ఊళ్లో, కనింగ్‌హమ్ రోడ్డు మీద క్రికెటర్ రాహుల్ ద్రావిడ్ కారుకీ ఒక గూడ్స్ ఆటోకీ చిన్నపాటి రాపిడి జరిగింది. ఆ తర్వాతి వాదన వీడియోగా బయటికి వచ్చింది. ట్రాఫిక్‌లో నోరు చేసుకునే ద్రావిడ్‌ను ఊరు అంతకుముందు ఒక్కసారే చూసింది, 2021 నాటి ఒక వ్యాపార ప్రకటనలో. అందులో అరిచినందుకు డబ్బిచ్చారు. ఇక్కడ ఉచితంగా, కన్నడలో, మర్యాదగానే జరిగింది. టెస్టుల్లో 13 వేల పైచిలుకు పరుగులు చేసినా బంపరు సొట్ట దగ్గర అందరూ సమానమే.

బెంగళూరు వాళ్లు పైవూరు వెళ్లినా ఈ సూత్రం వెంట వెళుతుంది. హీత్రూ విమానాశ్రయంలో సల్వార్ కమీజ్‌లో ఉన్న రచయిత్రి సుధామూర్తిని బిజినెస్ క్లాస్ వరుసలో చూసి, ఇది మీ వరుస కాదని తోటి ప్రయాణికురాలు చెప్పిందని ఆమే ఒక వ్యాసంలో రాశారు. అల్లుడు రిషి సునాక్ ప్రధానిగా ఉన్న రోజుల్లో, లండన్‌లో ఎక్కడ దిగుతారని అడిగితే 10 డౌనింగ్ స్ట్రీట్ అని చిరునామా ఇచ్చారు. ఇమిగ్రేషన్ అధికారి వేళాకోళం అనుకున్నాడట. అల్లుడింటికి వెళ్లే అత్తగారిని ఇంత అనుమానంగా చూడటం మన దగ్గర అల్లుళ్లకే పరిమితం.

చోటుతో పాటు భాష కూడా ముఖాన్ని మారుస్తుంది. ఒకే ఊళ్లో కన్నడ, తెలుగు, తమిళం, హిందీ పక్కపక్కనే బతుకుతుంటే కీర్తి కూడా బస్ పాసులా కొన్ని రూట్లలోనే చెల్లుతుంది. మారతహళ్లిలో టీ కొట్టు దగ్గర ఆగితే ట్రాఫిక్ స్తంభించిపోయే తెలుగు హీరో, బసవనగుడిలో దోసె కోసం వరుసలో నిలబడితే వెనకాయన ముందుకు జరగమంటాడు.

నాలుగో రకం శాస్త్రవేత్తలది. మన తొలి ఉపగ్రహం ఆర్యభట 1975లో పీణ్య పారిశ్రామికవాడ షెడ్లలో యు.ఆర్. రావు నాయకత్వంలో తయారైంది. దాని బొమ్మ రెండు రూపాయల నోటు వెనక అచ్చయింది. ఏళ్ల తరబడి దేశమంతా ఆ ఉపగ్రహాన్ని జేబులో పెట్టుకు తిరిగింది. చేసినాయన పక్క సీట్లో కూర్చున్నా జరగమని ఉంటుంది.

పేరు అందరికీ తెలిసి మనిషి తెలియకపోవడం ఇందులో చివరి మెట్టు. గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం పూర్వీకుల ఊరుగా గల సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య మైసూరు దివానుగా పనిచేశారు, 1955లో భారతరత్న అందుకున్నారు. 2022లో బయ్యప్పనహళ్లిలో తెరిచిన రైల్వే టెర్మినల్‌కు ఆయన పేరే పెట్టారు. పేరు పొడుగు కాబట్టి దాన్ని ఎస్‌ఎంవీటీ చేశారు. ఇప్పుడు ఆయనే తలపాగాతో, కోటుతో అర్ధరాత్రి ఆ స్టేషను బయట నిలబడి తానెవరో చెప్పుకున్నా, ఆటో డ్రైవరు అడిగేది మీటరు మీద ఇంకెంత ఇస్తారనే.